ఎడమకు వాలిన విసనకర్రలు

గోడ నానడానికి గంట పడుతుంది. తొందరపడి ముందే గీకితే రేకు జారి లోపలి సిమెంటుకు గాట్లు పడతాయి, బద్ధకించి వదిలేస్తే నీళ్ళు ఆరిపోయి పని మళ్ళీ మొదటికొస్తుంది. నలభై ఏళ్ళకు పైగా గోడలతోనే కాపురం చేసిన మనిషి గనక ఆ గంట ఎప్పుడు నిండుతుందో మేస్త్రికి గడియారం చూడకుండానే తెలుసు. అయినా చూశాడు. మధ్యాహ్నం మూడు. ఖాళీ రంగుడబ్బా బోర్లించి దాని మీద చతికిలబడ్డాడు. గదిలో మంచం లేదు, బీరువా లేదు, కిటికీకి తెర లేదు. నేలంతా పాత వార్తాపత్రికలు, వాటి మీద టప్పు టప్పుమని గోడ నుంచి కారుతున్న నీళ్ళు, ఎప్పటివో అద్దె ఇళ్ళ ప్రకటనలూ ఎవరో పెద్దమనిషి నవ్వూ తడిసి ఉబ్బుతున్నాయి. పొద్దున్నే ఇనుప బ్రష్షుతో పైరంగు రేగ్గొట్టి, భోజనం అయ్యాక గోరువెచ్చటి నీళ్ళలో సబ్బు కలిపి మూడుసార్లు చిమ్మాడు.

ఎదురుగా గోడ, గోడ నిండా విసనకర్రలు. లప్పం ముద్ద మందంగా పూసి, అది ఇంకా పచ్చిగా ఉండగానే ఇనుప దువ్వెన ఆనించి మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే పడే గీతల విసనకర్రలు, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి, కింది నుంచి పైకప్పు దాకా. ఒకప్పుడు ముందుగదిలో ఒక్క గోడకైనా దువ్వెన పని లేకపోతే చుట్టాలు గడప దగ్గరే మొహం చిట్లించేవారు. ఇప్పుడు అదే చుట్టాల పిల్లలు దాన్ని చూసి చిట్లిస్తున్నారు. దుమ్ము పడుతుందంటారు, గీసుకుంటుందంటారు, మూతబడ్డ హోటలు మెట్లదారిలా ఉందంటారు. ఈ ఇంటి అమ్మాయి కూడా పొద్దున అదే అంది. ఏడో నెల, నడుం మీద చెయ్యి వేసుకుని గుమ్మానికి ఆనుకుని, ఇది తన పుట్టబోయే బిడ్డ గదనీ, ఈ ముళ్ళ గోడ తీసేసి అద్దంలా నున్నగా, లేత బూడిద రంగు కావాలనీ చెప్పింది. "ఎవరో దువ్వెన మేస్త్రి అట. మా నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయన్ని తెగ పొగిడేవారు. ఆయనెక్కడైనా దొరికితే ముందు ఇది చూపిస్తాను" అంటూ మోచెయ్యి మడిచి చూపించింది. వేలెడంత మచ్చ, తెల్లగా, మెరుస్తూ. మేస్త్రి కళ్ళజోడు సర్దుకుని మరీ చూశాడు. "దొరికితే నాకూ ఓ కబురు పెట్టండమ్మా, నేనూ రెండు తగిలిస్తాను" అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. గుత్తకు కుర్రమేస్త్రి దొరక్క ఈ ముసలాయన్ని పిలిచింది గానీ ఆ దువ్వెన మేస్త్రి ఎదురుగా నిలబడి బకెట్టు కడుక్కుంటున్నాడని ఆమెకేం తెలుసు.

అయినా జనం ఇష్టాలు ఏ గాలికి ఎటు తిరుగుతాయో ఎవరు చెప్పగలరు, అనుకున్నాడు. స్నానాలగది అంతా గులాబీ రంగే కావాలని, సబ్బుపెట్టె దగ్గర నుంచి నీళ్ళచెంబు దాకా గులాబీ తెప్పించిన కుటుంబం, మూడేళ్ళు తిరక్కుండా అదే గది చూస్తే దోమలమందు తాగినట్టు ఉందని గోల. హాల్లో ఉత్తుత్తి రాళ్ళ జలపాతం కట్టించుకున్న ఆసామి ఇంట్లో మోటారు చప్పుడుకు టీవీ వినపడక, చివరికి జలపాతంలో బూట్లు పెట్టుకున్నారు. సూర్యాస్తమయం కాగితం గోడకు అంటిస్తే అతుకు దగ్గర ఒక జింకకి రెండు తోకలొచ్చాయి, ఆ ఇంటి పెద్దాయన పదేళ్ళు అది జాతి జింక అనే చెప్పుకున్నాడు. నాలుగు మెట్లుగా దింపిన పైకప్పులో నీలం దీపాలు పెట్టించుకున్నవాళ్ళు వాటి కింద భోజనానికి కూర్చుంటే నీళ్ళలోంచి తీసిన మనుషుల్లా కనపడేవారు. 'ఈ ఇంట నవ్వులే నవ్వులు' అని బంగారు అక్షరాలు అంటించుకున్న మొగుడూ పెళ్ళాం ఏడాదిగా మాట్లాడుకోవడం లేదు, ఆ అక్షరాలు ఎక్కడ అంటించాలో ఇద్దరూ విడివిడిగా వచ్చి చెప్పి వెళ్ళారు. అన్నీ పెట్టిందీ తనే, మళ్ళీ పిలిస్తే వెళ్ళి పీకిందీ తనే. పీకేటప్పుడు ఏనాడూ గుండె కలుక్కుమనలేదు. జలపాతం పోతే పోయింది. జింక పోతే పోయింది. రేపు ఈ బూడిద రంగూ పోతుంది, ఎవడో ఒకడు ఇలాగే డబ్బా బోర్లించుకుని కూర్చుంటాడు, వాడికీ ఏమీ అనిపించదు. ఈ విసనకర్రల సంగతి వేరు.

టప్పు. పత్రిక మీద మరో చుక్క. తడిసిన లప్పం వాసన గదినిండా లేచింది, చల్లగా, కొంచెం సున్నంలా, కొంచెం వాన ముందరి మట్టిలా. పోయిన భార్య చేతులెప్పుడూ ఈ వాసనే వేసేవి. ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు, పడుకునేటప్పుడు మొహం మీద చెయ్యి పడితే గోడ వచ్చి మీద పడ్డట్టు ఉండేది. ఆ మాట అంటే ఆవిడ, నీకు నేనైతేనేం గోడైతేనేం, రెండిటికీ వీపానించి నిద్రపోతావు, అనేది. ఎడమచేతి వాటం మనిషి. ఎడమచేత్తో బలపం పట్టుకుందని బళ్ళో కణుపుల మీద కొట్టారట, ఇంట్లో వాళ్ళమ్మ ఆ చేతిని తువ్వాలుతో నడుముకు కట్టేసి కుడిచేత్తో రాయించిందట. అలా నేర్చుకున్న కుడిచేతి రాత చీమల బారులా ఎటో పోయేది, సంతకం పెట్టమంటే సిగ్గుపడేది. తన దగ్గర పనికొచ్చిన కొత్తలో నీళ్ళు మోసేది, లప్పం కలిపేది, అంతే. ఒకరోజు తను నిచ్చెన మీంచి పడ్డాడు. తరవాత తను చెప్పుకునే కథలో అది మూడో అంతస్తు అయింది, కింద ఇసుక కుప్ప మీద పడి బంతిలా ఎగిరి రెండో అంతస్తు కిటికీలోంచి లోపలికి వెళ్ళి అక్కడున్నవాళ్ళతో కాఫీ తాగి దిగాడు. నిజానికి నాలుగో మెట్టు. కుడి మణికట్టు బెణికింది. కలిపిన లప్పం పళ్ళెం నిండా ఉంది, గట్టిపడిపోతే పారబొయ్యాలి. ఆవిడ దువ్వెన అందుకుంది. ఎడమచేత్తో. మోచెయ్యి ఒంటికి ఆనించి, కుడివైపు నుంచి మొదలుపెట్టి, తలుపు తెరిచినట్టు బయటికి తిప్పి, చివర దువ్వెన పైకెత్తేటప్పుడు ఒక చిన్న విదిలింపు. ఆ విదిలింపుకి విసనకర్రకి ఎడమవైపు సన్నటి తోక వచ్చింది. అలాంటిది అతను అంతకుముందు ఎక్కడా చూడలేదు. సాయంత్రానికి గోడ నిండింది. ఆ చేతిని ఎవరూ కొట్టలేదు, ఎందుకంటే ఎవరూ చూడలేదు.

ఇంటాయన వచ్చి గుడ్లప్పగించి చూసి, "ఎవరు చేశారయ్యా ఇది" అన్నాడు.

"నేనేనండి."

కట్టుకట్టిన చెయ్యి వెనక్కి దాచుకుని మరీ అన్నాడా మాట. ఎందుకలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు, తుమ్ము వచ్చినట్టు వచ్చేసింది. ఆవిడ ఒక్కసారి అతని వంక చూసింది. నవ్వింది. దువ్వెన కడగడానికి కిందికి దిగింది. ఆ సాయంత్రమంతా అడుగుతుందేమోనని అతను జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు: ఆడమనిషి చేసిందంటే పని ఇవ్వరు, నూటికి నూరుపాళ్ళు ఇవ్వరు, అందుకని. అడిగితే చెప్పేవాడే. ఆవిడ అడగలేదు. ఆ రోజూ అడగలేదు, ఆ తరవాత ముప్పై ఏళ్ళలోనూ అడగలేదు. సిద్ధం చేసుకున్న జవాబు లోపలే ఉండిపోయి, కదిలించని లప్పంలా గట్టిపడిపోయింది.

అక్కణ్ణుంచి పేరు పాకింది. దువ్వెన మేస్త్రి. ఉన్న జుట్టంతా గోడలకే దువ్వేశాడు, అందుకే ఆయనకు బట్టతల అని జనం నవ్వేవారు, తనూ నవ్వేవాడు. గది తలుపు మూసేవాడు, పనిలో గుట్టు ఉంది ఎవరూ చూడకూడదు అనేవాడు, లోపల ఆవిడ నిచ్చెన మీద, తను కింద లప్పం కలుపుతూ. మధ్యమధ్య తలుపు బయటికొచ్చి ఇంటివాళ్ళకు కథలు. ఒక ఇంట్లో బల్లి ఈ గోడ ఎక్కబోయి ప్రతి విసనకర్ర దగ్గరా కాలు మడతపడి, చివరికి లెక్కలు నేర్చుకుందని చెప్పాడు. ఒక ఇంట్లో చుట్టానికి ఈ గోడ కేసి చూస్తూ పడుకుంటే ఓడలో ఉన్నట్టు కళ్ళు తిరిగి, పొద్దున్నే ఏ రేవులో దిగాలని అడిగాడని చెప్పాడు. లోపలి నుంచి ఆవిడ దగ్గేది, ఇక చాల్లే అన్నట్టు. ఇంటికెళ్ళే దారిలో మాత్రం, ఏమండీ దువ్వెన మేస్త్రిగారూ, బల్లి కూడికల దాకా వచ్చిందా, తీసివేతలు కూడానా, అని అడిగేది. అంత పెద్ద పెద్ద కోతలు కోసిన మనిషి ఒక్క చిన్న అబద్ధాన్ని మాత్రం ఏ హంగూ లేకుండా, నిజం చెప్పినంత చిన్నగా చెప్పేవాడు. నా చెయ్యే. అందుకే అందరూ నమ్మారు.

మూడున్నర. కిటికీలోంచి ఎండ జారి గోడ మీదికి ఏటవాలుగా వచ్చింది. ఏటవాలు వెలుతురులోనే విసనకర్రలు నిద్రలేస్తాయి. ప్రతి గీతకీ ఒక నీడ, ప్రతి తోకకీ ఒక మెరుపు, గోడంతా ఎడమకు వాలి గాలి కోసం ఎదురుచూస్తున్నట్టు. కింది నుంచి మూడో వరసలో, కిటికీ పక్కన, ఒక్కటి. కుడికి వాలింది. మొద్దుగా, మందంగా, తోక లేకుండా. అతను అటు చూడకూడదనుకున్నాడు గానీ పొద్దుట్నించీ చూస్తున్నది దాన్నే. ఈ అమ్మాయి నాన్న బ్యాంకు గుమాస్తా, మహా మర్యాదస్తుడు, మర్యాద ఎక్కువై తలుపు తట్టి లోపలికే వచ్చేశాడు ఆ రోజు, మేస్త్రిగారి చేతి వాటం ఒక్కసారి కళ్ళారా చూడాలని. ఆవిడ చప్పున నిచ్చెన దిగి దువ్వెన అతని చేతిలో పెట్టి నీళ్ళ బకెట్టు పట్టుకుని నిలబడింది, నీళ్ళు మోసే మనిషిలాగా. గుమాస్తా మాట్లాడుతూనే ఉన్నాడు, అరగంట. పళ్ళెంలో లప్పం బిగుసుకుంది. అది సాగడానికి అతను గుప్పిట్లో చెమటతో సీసాడు జిగురు దాన్లో ఒంపేశాడు, జీవితంలో ఎప్పుడూ చేయని తప్పుపని, కొత్తగా పనిలోకి వచ్చినవాడు కూడా చేయడు. పూశాడు, ఊపిరి బిగబట్టి దువ్వెన తిప్పాడు. ఆవిడ చేతికి అలవాటుపడి పళ్ళు ఒకవైపుకి అరిగిన దువ్వెన అది, కుడిచేతిలో మొరాయించింది. పడింది ఏదో ఒకటి. గుమాస్తా రెండడుగులు వెనక్కి వేసి, మిగతా అన్నిటికన్నా ఇదే గొప్పగా వచ్చిందన్నాడు. బకెట్టు వెనక ఆవిడ పెదవి కొరుక్కుంది, భుజాలు కదులుతున్నాయి, బకెట్లో నీళ్ళు కదులుతున్నాయి. ఆయన వెళ్ళాక అతను దాన్ని చెరిపెయ్యబోతే చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. ఈ గోడలో నువ్వూ ఒకచోట ఉండాలిగా."

ఎన్ని గోడలు. ఊళ్ళో ఆవిడ చెయ్యి పడని వీధి లేదు, ఒక్క తమ ఇల్లు తప్ప. రెండు గదుల ఇల్లు, వెల్లవేసిన బోడి గోడలు. మన ముందుగదికి ఎప్పుడు వేసుకుందాం అని అడిగింది, మొదట్లో ఏటేటా అడిగింది. వచ్చే ఏడు, ఈ పనుల ఒత్తిడి తగ్గాక, అన్నాడు. తరవాత రెండేళ్ళకోసారి అడిగింది. తరవాత అడగలేదు, ఫ్యాషను కూడా పోయిందిలే అంది. ఇంట్లో చేస్తే ఎవరికి చూపించాలి, ఎవరు డబ్బిస్తారు అనుకున్నాడో, లేక ఇంట్లో గోడ మీద రోజూ ఎడమకు వాలిన విసనకర్రలు చూస్తూ కూర్చోలేననుకున్నాడో. రెండోదే అయివుంటుంది. ఇప్పుడు ఒప్పుకుంటే ఏం. ఒప్పుకోవడానికి ఇంట్లో ఎవరున్నారు.

ఆవిడకు పక్షవాతం ఎడమ పక్కకే వచ్చింది. కుడివైపు వచ్చి ఉంటే, అనుకున్నాడు అప్పుడు, ఆ అనుకోవడానికి సిగ్గుపడ్డాడు కూడా. ఎనిమిది నెలలు. ఆ చెయ్యి దుప్పటి మీద ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులా పడి ఉండేది. పొద్దునా సాయంత్రమూ ముప్పైసార్లు అటూ ఇటూ కదపాలని, వ్యాయామం నేర్పే డాక్టరమ్మ చెప్పింది. ముప్పై లెక్కపెట్టడం అతనికి విసుగు. ఒకరోజు ఏం తోచిందో ఆ మోచెయ్యి ఆవిడ ఒంటికి ఆనించి, మణికట్టు పట్టుకుని, దుప్పటి మీద కుడి నుంచి ఎడమకు, తలుపు తెరిచినట్టు తిప్పాడు. చివర వేళ్ళు చిన్నగా విదిలించాడు. దుప్పటి మీద ఏ గీతా పడలేదు. ఆవిడ ఆ చేతి వంక చాలాసేపు చూసి, సగం మూతితో నవ్వింది.

"ఇప్పుడు చెప్పుకో" అంది, ముద్దముద్దగా, "నీ చెయ్యే అని."

అతనూ నవ్వాడు. నవ్వి, పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళు ఊరికే పోతుంటే చూస్తూ నిలబడ్డాడు. ఆ మర్నాడే పాత గుత్తేదారు పరామర్శకు వచ్చాడు. మంచం పక్కన కుర్చీ లాక్కుని, అమ్మా, నీ మొగుడి చేతిలాంటి చెయ్యి మళ్ళీ పుట్టదమ్మా అని, ఇతని కుడిచెయ్యి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. పక్కనే దుప్పటి మీద ఉంది అసలు చెయ్యి, దాని కేసి వేలు చూపిస్తే చాలు, నోరు కూడా తెరవక్కర్లేదు. ఆవిడ అతని వంక చూసింది, మొదటిసారి ఆ ఇంటి గోడ దగ్గర చూసినట్టే. అతను ఆ పెద్దమనిషికి నిచ్చెన మీంచి పడ్డ కథ చెప్పాడు. బంతిలా ఎగిరిన కథ. ఆవిడ ఇంకా ఐదు వారాలు బతికింది.

ఆ తరవాత మొదలైంది ఈ గీకుడు. రెండేళ్ళలో పదకొండు ఇళ్ళు. ఎక్కడ దువ్వెన గోడ తీసేస్తున్నారన్నా తనే వెళ్ళేవాడు. మిషను పెట్టి దుమ్ము లేపేవాడి కన్నా తను నయం కదా, నీళ్ళు పోసి మెత్తగా తీస్తాడు అనుకున్నాడు. మొదటి ఇంట్లో ఒక విసనకర్ర పగలకుండా ఊడదీసి, గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని ఇంటికి నడిచాడు, ఒక్క కుదుపు లేకుండా, పసిపిల్లను తెచ్చినట్టు. విప్పితే గుప్పెడు తెల్లపొడి. అప్పటి నుంచి ఏమీ తెచ్చుకోలేదు. ఇంకా ఫలానా వీధిలో ఒకటి ఉంది, ఫలానా మేడ మీద ఒకటి ఉంది అనుకుంటూ ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వచ్చాడు. గుమాస్తాగారి ఇల్లు ఒకటుందిలే అన్నది చిట్టచివరి మాట. ఈ పని కుదిరాక కూడా కాళ్ళనొప్పని వారం, గదిలో చెమ్మ ఉందని వారం జరిపాడు. ఇక దాటవేయడానికి ఏమీ దొరకలేదు. తను కాదంటే ఇంకొకడు వస్తాడు. ఇవాళ నీళ్ళు చిమ్మాడు.

టప్పు. టప్పు. చుక్కలు దగ్గర దగ్గరగా పడుతున్నాయి, గోడ నీళ్ళు తాగడం చాలించిందన్నమాట. పావుతక్కువ నాలుగు. గుమ్మం దగ్గర అలికిడి. ఇంటి అమ్మాయి టీ కప్పు పట్టుకుని, పత్రికల మీద జారకుండా పాదాలు చూసుకుంటూ వచ్చింది. కప్పు ఇచ్చి వెళ్ళిపోకుండా గోడ ముందు నిలబడింది. ఎండలో ఆమె నీడ విసనకర్రల మీద పెద్ద పొట్టతో పడింది.

"నా మంచం ఇక్కడే ఉండేది" అంది. "జ్వరమొస్తే ఇటు తిరిగి పడుకుని ఇవి లెక్కపెట్టేదాన్ని. నూట నలభై మూడు ఇటే తిరిగుంటాయి, ఇదిగో, ఇదొక్కటే అటు. పాపం దీనికి మిగతా వాటితో పడదేమో అనుకునేదాన్ని. రోజూ పడుకునేముందు దీనికొక్కదానికే చెప్పి పడుకునేదాన్ని, నేనున్నానులే అని."

మేస్త్రి కప్పు పట్టుకునే గోడ కేసి తిరిగాడు. తనకు తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదనుకున్న లెక్క. ఈ పిల్ల జ్వరాలతో, మోచేతి మచ్చతో, ఏళ్ళ తరబడి ఇద్దరినీ లెక్కపెట్టింది. ఆమె ఇంకా ఏదో అంటోంది, తీసేస్తుంటే ఎందుకో బెంగగా ఉందనీ, ఏదో ఒకటి, చేటంత ముక్క, ఒక మూల ఉంచేస్తే బాగుంటుందేమో అనీ. అతను కప్పు కిందపెట్టి లేచాడు. ఇంత చురుగ్గా లేవడం ఈ మధ్య లేదు. ఎడమకు వాలిన వాటిలో ఒకదాని తోక మీద బొటనవేలి గోరు ఆనించాడు. వెన్నలో దిగినట్టు దిగింది. పక్కదాని మీద ఆనించాడు. దిగింది. పైవరస, కింది వరస. ఆవిడ ఎప్పుడూ లప్పం పలచగా, జిగురు తక్కువగా కలిపించేది, మృదువుగా పలకాలని. నీళ్ళు తగిలితే అది మొదటే కరుగుతుంది. పొద్దున ఈ పిల్ల ఒక్క మాట అడిగి ఉంటే. పొద్దున తను ఒక్క మాట చెప్పి ఉంటే.

"నానిపోయిందమ్మా" అన్నాడు. "ఇక ఏదీ ఆగదు."

ఆమె తలూపి కిటికీ గట్టు మీద కూర్చుంది. అతను రేకు తీసుకున్నాడు. పైన కుడి మూల నుంచి మొదలుపెట్టాడు, ఆవిడ మొదలుపెట్టే చోటు నుంచే. తడిగుడ్డ జారినట్టు చప్పుడు చేస్తూ వరసలు వరసలుగా జారిపడ్డాయి, మొదట పన్నెండు, మళ్ళీ పన్నెండు. ముప్పై ఏళ్ళ కిందట రెండు పగళ్ళు పట్టిన పని ముప్పావు గంటలో నేల మీద కుప్పయింది. కళ్ళు మసకబారితే లప్పం పడిందన్నట్టు భుజంతో తుడుచుకున్నాడు. చివరికి కిటికీ పక్కకు వచ్చి రేకు వేస్తే, టక్కుమని ఆగిపోయింది. మళ్ళీ వేశాడు. రేకు వంగింది గానీ అది కదల్లేదు. సీసాడు జిగురు. నీళ్ళు చుక్క కూడా లోపలికి పోలేదు. తోక లేని మొద్దు విసనకర్ర, తుడిచేసిన గోడ మీద, అటు తిరిగి, ఒక్కటే.

"అరె, నాదే మిగిలింది" అంది ఇంటి అమ్మాయి, చప్పట్లు కొట్టినంత పని చేసి. "ఇదొక్కటీ ఉంచేయండి మేస్త్రిగారూ. ఆ దువ్వెన మేస్త్రి గుర్తుగా ఉంటుంది."

అతను రేకు కింద పెట్టాడు. ఊరంతా గాలించినా ఇక మిగిలింది ఇదొక్కటే. నా చెయ్యే అని ముప్పై ఏళ్ళు చెప్పుకున్నాడు. ఇప్పుడది నిజం.

"ఇదొక్కటే అతనిదమ్మా" అన్నాడు. "ఆ నూట నలభై మూడూ అతని భార్యవి. ఊళ్ళో గోడలన్నీ ఆవిడవే. ఎడమచేత్తో వేసేది. తలుపు మూసుకుని."

"మీకెలా తెలుసు?"

"తలుపు బయట నిలబడి కోతలు కోసింది నేనే గనక."

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మోచెయ్యి చూపిస్తానన్న మనిషి, ఆ మోచేతిని అరచేత్తో కప్పుకుంది. అతను సంచిలోంచి సుత్తీ ఉలీ తీశాడు. పది దెబ్బలు పట్టింది. అది పెళ్ళలు పెళ్ళలుగా రాలింది, సిమెంటును కూడా కొంత లాక్కుని. దాని స్థానంలో చేటంత గుంట. గుంట పూడ్చడానికి కొత్త లప్పం కలిపాడు, పలచగా, జిగురు తక్కువగా. నింపి, రేకుతో సమం చేశాడు. తెల్లటి పచ్చి మచ్చ, తడిగోడలో. అప్పుడు ఆమె, అడగొచ్చో లేదో అన్నట్టు, ఆవిడ ఎలా వేసేవారో ఒక్కసారి చూపిస్తారా అంది.

గుడ్డలో చుట్టిన దువ్వెన సంచి అడుగున ఉంది. పళ్ళు ఒకవైపుకి అరిగి ఉన్నాయి. కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చుకున్నాడు. అందులో అది ఇల్లు చేరినట్టు కుదురుకుంది, చేతికి మాత్రం ఏమీ తెలియదు. మోచెయ్యి ఒంటికి ఆనించాడు. కుడి నుంచి ఎడమకు, తలుపు తెరిచినట్టు. గీతలు వణికాయి. చివర విదిలింపు ఎలాగో వచ్చింది. వంకరటింకర విసనకర్ర, ఎడమకు వాలి, సన్నటి తోకతో.

"మీ చేతిలో ఇంకా ఉంది" అంది ఆమె.

"నాది కాదమ్మా. మా ఆవిడ చెయ్యి."

లప్పం గట్టిపడడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటా అతను బోర్లించిన డబ్బా మీదా, ఆమె కిటికీ గట్టు మీదా కూర్చున్నారు. ఎండ దాని మీద నుంచి మెల్లగా దాటి పోయింది. అంచులు ఆరడం మొదలుపెట్టి రంగు తేలుతున్నప్పుడు, ఇంకొక్క నిమిషం ఆగితే ఇక ఎవరి వల్లా కాదనగా, అతను లేచి రేకు తడిపి అడ్డంగా ఒక్కసారి లాగాడు. గోడ నున్నగా అయింది.